జానెడు వదులు

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సు కథలాపూర్ దాటగానే ఆగింది. ముందున్న కల్వర్టు కింద ఏదో మూట కనబడిందట, మందుపాతరేమోనని అనుమానం. పోలీసులు అందరినీ దించి సామాన్లు విప్పిస్తున్నారు. ఆ తొంభైల్లో మా దిక్కున ప్రయాణమంటే సగం బస్సులో కూర్చోవడం, సగం బస్సు పక్కన నిలబడటం. అలా నిలబడినప్పుడే నాకు అంకం లచ్చయ్య దొరికాడు.

నలభై దాటిన మనిషి. చంకలో పొడవాటి కాగితం చుట్ట. తువ్వాలు అంచు నుంచి ఒక పోగు లాగి, గాలికి పట్టి చూస్తున్నాడు.

“ఏం జూస్తున్నవ్ తమ్మీ?” అని అడిగాను.

“గాలి, పెద్దయ్యా. కింద పడమటి నుంచి కొడ్తున్నది. మబ్బుల మీద ఎటు పోతున్నదో గీ పోగుకేం ఎర్క? మా మిషన్‌కు ఎర్కైతది.”

పురాణాలు గాలికి ఏడు అంతస్తులు కట్టి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టాయి. పేర్లు నాకు నోటికి వచ్చు. కానీ ఆ అంతస్తుల్లో గాలి ఎంత వేగంగా పోతుందో చెప్పగలిగే మనిషిని చూడటం అదే మొదలు.

లచ్చయ్యది సిరిసిల్లలో చేతిమగ్గం ఇల్లు. సాంచలు, అంటే మరమగ్గాలు, వచ్చాక ఆ మగ్గం మూలకు పడింది. ఒక మేస్త్రీ వెంట సీమ దిక్కు పోయి, కొండల నడుమ గాలిని కొలిచే రాడార్ దగ్గర పనికి కుదిరాడు. అక్కడ జొన్నచేనులా వెయ్యికి పైగా ఏంటెనాలు, ఒక్కోదానికి ఒక్కో కేబుల్.

“గుట్ట ముంగట ఒర్రితే మారు పలుకుతది గదా? గాలి గూడ పలుకుతది పెద్దయ్యా. మబ్బు లేకున్నా సరే. వేడిగాలీ సల్లగాలీ కలిసేకాడ మడతలు పడ్తయట. మన మిషన్ మీదికి ఏసే కూత ఆ మడతలకు తాకి మర్లి వస్తది. మర్లినంక గొంతు ఎంత మారిందో చూసి గాలి ఉరుకుడు లెక్క గడ్తరు. ఇరవై కిలోమీటర్ల మీది గాలి గూడ ఇనబడ్తది. ఇంకా పైకి గూడ పోతదట గని, ఆడికెల్లి వచ్చే మాట మస్తు సన్నం.”

అక్కడి ఇంజనీరుకు ఇతనంటే ప్రాణం. పడుగులో తెగిన పోగును చూడకుండానే వేలితో పట్టే చెయ్యి కదా, ఊడిన కేబులు ఎక్కడున్నా పట్టేసేవాడు. “నన్ను అన్నా అంటడు సారు,” అన్నాడు లచ్చయ్య. అని, తల దించుకున్నాడు.

రెండు నెలల కింద కేబుళ్లు మార్చారు. ఆ ఏంటెనాల చేనులో సగం లచ్చయ్య కట్టాడు, సగం పోశం అనే ఇంకొకడు. నేతింట పుట్టినవాడు పోగును సరిగ్గా కొలతకు తెంపడు. రేపు తెగితే మళ్లీ అతకాలి గనక జానెడు వదులు ఉంచి తెంపుతాడు. లచ్చయ్య ప్రతి కేబుల్‌కూ జానెడు ఉంచి, అందంగా చుట్టి, దారంతో కట్టాడు. అదే కొంప ముంచింది. కేబుళ్లన్నీ ఒకే పొడవుండాలి. ఆ సగంలో కూత కాస్త ఆలస్యమై, నిటారుగా పైకి చూడాల్సిన రాడార్ చూపు కొద్దిగా ఒరిగింది. పక్కకు పోయే గాలి పైకి లేస్తున్నట్టు కనబడసాగింది. ఎక్కడ తప్పో తెలియక ఇంజనీరు వారాలుగా లెక్కలు తిరగేస్తున్నాడు. పోశం కట్టిన వైపు వదులు లేదని చూశాక లచ్చయ్యకు సంగతి అర్థమైంది.

“చెప్తే పని పోతది. చెప్పకుంటే సారు కష్టం మన్నుల గలుస్తది. అమ్మకు పానం బాగలేదని అబద్ధం చెప్పి వచ్చిన. కోరుట్లల అక్క ఎల్లవ్వ ఇంట్ల నాలుగొద్దులున్న. ‘అన్నం కాడ గూడ మీదికి సూస్తవేందిరా, ఇంటికి పోయి సాంచ నడుపుకో’ అని సద్ది గట్టి తోలింది.”

ఇంతలో ఎస్సై వచ్చి చుట్ట విప్పాడు. రాడార్ లెక్కల కాగితం, నిండా అంకెలు, బాణాలు.

“ఏ గుట్ట నక్షరా ఇది?”

“గుట్ట గాదు సార్, గాలి.”

“గాలికి నక్షనా! బాణాలన్నీ మీదికే ఉన్నయి. పొద్దూకులు గాలి మీదికే పోతే కింద మేమేం పీల్చుకుంటున్నం? ఎవని చెవుల పువ్వు వెడ్తున్నవ్?”

ఎవరూ నవ్వలేదు. ఆ రోజుల్లో మనిషిని జీపెక్కించడానికి అర్థం కాని కాగితం ఒక్కటి చాలు. లచ్చయ్య ఒక బాణం మీద వేలు పెట్టాడు.

“అది తప్పు సార్. గాలి తప్పు గాదు, మిషన్ తప్పు గాదు. నేను జానెడు వదులు వెట్టిన.”

మొత్తం చెప్పాడు. ఎస్సై మొహంలో నమ్మకం లేదు. పక్కనున్న నెరిసిన మీసాల కానిస్టేబుల్ అందుకున్నాడు.

“నిజమే సార్. మా అత్తగారోళ్లు గూడ నేసేటోళ్లే. గుండీ కుట్టమన్నా జానెడు దారం ఇడిసే తెంపుతరు.”

ఎస్సై కాగితం చుట్టి అతని చేతిలో పెట్టాడు. “మీ సారుకు చెప్పినవా?”

“లేదు సార్.”

“నాకు చెప్పినవ్, ఆయనకు చెప్పలేదా? ఆయన చేతిల తుపాకి లేదనా?”

ఈసారి అందరూ నవ్వారు, లచ్చయ్య తప్ప.

కండక్టర్ విజిల్ ఊదాడు. ఎక్కి చూస్తే నా వెనక సీట్లో లచ్చయ్య సద్దిమూట ఉంది, మనిషి లేడు. కిటికీలోంచి తల బయటపెట్టాను. కాగితం చుట్ట చంకన పెట్టుకొని, వచ్చిన దారినే, ఫోన్ బూతున్న కథలాపూర్ వైపు పోతున్నాడు.

“తమ్మీ, నీ సద్ది!” అని అరిచాను.

వెనక్కి చూడలేదు. మొహం పైకెత్తి, ఆకాశాన్ని చూసుకుంటూ నడిచిపోయాడు.