హక్కు నీదే, హోటల్ నాది

టెక్సస్ హైవే పక్కన వెర్నా స్టకీ హోటల్లో తెల్లవారకముందే పెనం వేడెక్కుతుంది. అరవై దాటిన వెర్నా ఎడమకాలు ఈడ్చుకుంటూ బల్లబల్లకీ కాఫీ పోస్తుంది. నాలుగేళ్ల కిందట ఎవడి నడుము నుంచో జారిపడ్డ పిస్తోలు పేలి, తూటా ఆ మోకాల్లో దిగింది. అప్పుడే "తుపాకులతో లోపలికి రావద్దు" అని తలుపుకి బోర్డు పెట్టించింది. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చిన జనంతో హోటల్ నిండి ఉండగా, రోజూ వచ్చే రాయ్స్ నడుముకి పిస్తోలు కట్టుకుని మరీ వచ్చి కూర్చున్నాడు.

"అది ట్రక్కులో పెట్టి రా" అంది వెర్నా. "ఇది నా హక్కు, వెర్నా. చట్టమే ఇచ్చింది" అని నవ్వాడతను. "హక్కు నీదే, హోటల్ నాది. లేచి బయటికి నడు." అతను కదల్లేదు సరికదా, రెండు గుడ్లు వెయ్యమన్నాడు. వెర్నా కాఫీ జగ్గు ఠక్కున బల్లమీద పెట్టింది. పొయ్యి ఆపేసి పోలీసులకి ఫోన్ చేసింది. వచ్చిన పోలీసు నెమ్మదిగానే చెప్పాడు: "తుపాకీ కట్టుకున్నందుకు కాదు, రాయ్స్. ఆవిడ పొమ్మన్నాక కూడా కూర్చున్నావు చూడు, అదే నేరం. లేస్తావా, బేడీలు వెయ్యనా?" రాయ్స్ మొహం కందగడ్డయింది. గుమ్మంలో ఆగి, "ఇరవై ఏళ్లుగా నీ చేతి తిండి తింటున్నాను. నేను నిన్ను కాలుస్తానా?" అన్నాడు. "ఇరవై ఏళ్లలో నిన్ను చూసి ఒక్కనాడూ భయపడలేదురా" అంది వెర్నా. "ఇవాళ భయపెట్టావు. ఆ ఒక్కటీ నేను మరిచిపోను."