కరెంటు ఆగేదాకా

ఈ ప్రయాణం పోయిన మామిడికాయల కాలం నాటిది. అప్పటికి నాకు చదవడం వచ్చింది గాని రాయడం రాలేదు. యాభై దాటాక పలక పట్టుకున్నదాన్ని. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, నేర్చుకున్నవి తెలుగు అక్షరాలు. ఇప్పుడు చేయి మాట వింటోంది కాబట్టి రాస్తున్నాను.

తిరుపతిలో మా చెల్లెలి మనవరాలికి పేరు పెడుతున్నారు. ఒక్కదాన్నే బయలుదేరడం అదే మొదలు. బోర్డులు చదవగలను కదా అని ధైర్యం.

బంగారుపాళ్యంలో ఎనిమిది గంటలకు చిత్తూరు బస్సు ఎక్కాను. ఆ కాలంలో వెళ్లేవారు ఇంకా పొద్దున్నే బయలుదేరడం మంచిది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు వరుసకట్టి సగం రోడ్డు ఆక్రమిస్తాయి. కిటికీ పక్కన కూర్చుని కనబడినదల్లా పైకి చదివాను. టైర్ల అంగడి, దర్గాకు దారి, ట్రాన్స్‌ఫార్మరు మీద తెల్ల రంగుతో రాసిన ఊరి పేరు, నంబరు.

పక్కన కూర్చున్న పూలమ్మే ఆమె నవ్వింది. "ఏమక్కా, రోడ్డంతా ఈడే సదివేస్తావా? తిరపతికి కొంచెం మిగిలించుకో."

అంతలో మలుపు తిరిగి బస్సు గట్టిగా ఆగింది. ముందు వెళ్తున్న కాయల ట్రాక్టరు రోడ్డు దిగి కరెంటు స్తంభాన్ని గుద్దింది. తీగ తెగి ట్రాక్టరు మీద పడింది. డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. ఒక కాలు వంగిన రేకు కింద ఇరుక్కుంది, నెత్తురు కారుతోంది. రెండో కాలు నేల మీద పెట్టబోయాడు.

"దిగొద్దప్పా," అని మా కండక్టరు అరిచాడు. "బండినీ నేలనీ ఒక్కసారే తాకితే పానం పోతాది."

ఒకాయన పచ్చి మామిడి కొమ్మ విరిచి తీగను తోయబోయాడు. కండక్టరు అతని చొక్కా పట్టి లాగాడు. "పచ్చి కట్టెలో గూడా కరెంటు పారతాదబ్బా. నిన్ను గూడా మొయ్యాల్నా మేము?"

కండక్టరు 108కి, ఫైరింజనుకు, కరెంటు వాళ్లకు ఫోన్లు చేశాడు. లైన్‌మన్ గొంతు అందరికీ వినబడింది.

"ఏ ట్రాన్స్‌ఫార్మరు దగ్గరప్పా?"

"రోడ్డు పక్కనే."

"రోడ్డు పక్కన శానా ఉండాయి. నంబరు చెప్తేనే సబ్‌స్టేషనోళ్లు ఏ లైను ఆపల్లో తెలిసేది."

ట్రాన్స్‌ఫార్మరు మలుపు వెనక ఉండిపోయింది. నేను ఫోను దగ్గరకు జరిగి ఊరి పేరు, నంబరు చెప్పాను.

"కరెక్టేనా అమ్మా?"

"ఇప్పుడే సదివినా నాయనా."

అక్కడినుంచి నా పని ఒక్కటే. డ్రైవరు కళ్లు మూతపడుతున్నాయి, కాలు కిందికి జారుతోంది. జారినప్పుడల్లా "దిగొద్దప్పా, ఆడే కూసో" అని కేకవేశాను. ప్రతిసారీ కాలు పైకి లాక్కున్నాడు.

మొదట కానిస్టేబులు వచ్చి జనాన్ని వెనక్కి నెట్టాడు. తర్వాత మోటారు సైకిలు మీద లైన్‌మన్ వచ్చాడు. లైను ఆగిందని సబ్‌స్టేషన్ నుంచి ఫోను వచ్చినా నమ్మలేదు. "నేను చెప్పేదాకా మళ్లీ వెయ్యొద్దు" అని వాళ్లకు చెప్పి, తానే పరీక్షించి, తీగ తప్పించి, చెయ్యి ఊపాడు. ఫైరింజను వాళ్లు రేకు వంచి కాలు విడిపించారు. 108లో వచ్చిన అమ్మాయి కట్టు కట్టింది. డ్రైవరును బండిలోకి ఎక్కిస్తుంటే రోడ్డంతా చప్పట్లు. దొర్లిన కాయలు ఒక్కటీ ఎవరి సంచిలోకీ పోలేదు, అందరూ ఏరి కుప్ప పోశారు. పూలమ్మే ఆమె ఒక మూర తెంచి 108 బండి అద్దానికి కట్టింది.

చిత్తూరులో ఇడ్లీ తిని తిరుపతి బస్సు ఎక్కాను. చెల్లెలింటికి చేరేసరికి బిర్యానీ అడుగుకు వచ్చింది. కథ విని, అడుగంతా నాకే పెట్టారు.

మరుసటి పొద్దున తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. ఆపదలో ముందు వచ్చేది పోలీసు, ఫైరింజను, 108 అనుకునేదాన్ని. టికెట్లు కొట్టే కండక్టరు, తీగలు కట్టే లైన్‌మన్, సబ్‌స్టేషన్‌లో లైను ఆపిన, మేమెవరమూ చూడని ఆ మనిషి కూడా ఆ వరుసలోనే ఉన్నారు.

చిత్తూరులో దిగి ఆసుపత్రికి వెళ్లాను. ఎవరినీ అడగకుండా బోర్డులు చదువుకుంటూ ఎముకల వార్డు పట్టుకున్నాను. ఆ డ్రైవరు కాలికి పెద్ద కట్టుతో మంచం మీద ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో పెద్దామె వచ్చిందని మర్యాదకు లేవబోయి, బాగున్న కాలు కిందికి పెట్టాడు.

"దిగొద్దప్పా," అన్నాను.

ఆ కాలు టక్కున మంచం మీదికి లాక్కున్నాడు. తర్వాత నా ముఖంలోకి చూసి, నవ్వడం మొదలుపెట్టాడు.