ఆలేరుకు బత్తాయి బుట్ట

పోలీసు చర్య జరిగిన ఏడాది, వానలు ఇంకా వెనక్కి తగ్గని రోజుల్లో మా అమ్మా నేనూ ఆలేరుకు బయలుదేరాం. మా పక్క తోట ఖాసిం భాయ్‌కి ఆయన తోట పండ్లే ఇచ్చి రావాలని ఆ ప్రయాణం.

ఖాసిం భాయ్ ఎవరి జోలికీ పోని మనిషి. మోట కొట్టి నీళ్లు పెట్టి బత్తాయి చెట్లు పెంచుకున్నాడు. పటాలాలు వచ్చిపోయాక, నిజాం కాలపు కోపమంతా ఊళ్లో కొందరు అతని గడప మీద చూపించారు. ఒక తెల్లవారుజామున భార్యాపిల్లలను తీసుకుని ఆలేరులోని బావమరిది ఇంటికి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే జనం తోట మీద పడ్డారు. మాకు తెలిసేసరికి కింది కొమ్మలు విరిగి వేలాడుతున్నాయి.

"ఆ పిలగాండ్లు తమ చెట్టు పండు తినకుంట ఊరంత తినుడేందిరా? మిగిలినయన్న తీస్కపోదాం" అని అమ్మ పట్టుబట్టింది.

వానలోనే కోశాను. అందనివి కర్రతో రాల్చాను. తడి ఆరనివ్వకుండా బుట్టలో కుక్కి, పైన గోనెపట్టా కుట్టేశాను.

పొద్దున్నే కట్టంగూరులో బొగ్గుతో నడిచే బస్సు దొరికింది. బుట్టకు వేరే కిరాయి తీసుకుని పైకెక్కించారు. చిట్యాల దగ్గర సిపాయిలు ఆపారు. లోపల తుపాకులున్నాయేమోనని బుట్టలోకి బాయినెట్ పొడిచి పొడిచి చూశారు. "పండ్లే సాబ్" అని ఎంత చెప్పినా వినలేదు. మధ్యాహ్నానికి భువనగిరి చేరితే, స్టేషన్లో పర్మిట్ లేకుండా రైలెక్కనిచ్చేది లేదన్నారు. సత్రంలో దిగి, అమ్మ కాల్చిన జొన్నరొట్టెలు కారంతో తింటూ, నాలుగు రోజులు కచేరీ చుట్టూ తిరిగాక పర్మిట్ దొరికింది. బుట్టలోంచి పులిసిన వాసన వస్తున్నా విప్పి చూడలేదు.

రైల్లో ఎదురుగా కూర్చున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఏం తీస్కపోతున్నరవ్వా? కడుపుల తిప్పుతాంది."

"బత్తాయిలు బిడ్డా" అంది అమ్మ చిన్న గొంతుతో.

పక్కనున్న పెద్దమనిషి, "తడి మీద కోసిండ్రా ఏంది? బూజు పట్టుంటది. జర తలుపు కాడ పెట్టుండ్రి" అన్నాడు. డబ్బా అంతా నావైపే చూస్తుంటే బుట్ట ఎత్తుకుపోయి, ఆలేరు వచ్చేదాకా దాని పక్కనే నిలబడ్డాను. ఆ దారిన పండ్లు తీసుకుపోయేవాళ్లు ఎండ కాసిన రోజు కోయండి, నీడన ఆరబెట్టండి, గాలాడనివ్వండి.

స్టేషన్ వెనక సందులో, బావమరిది ఇంట్లోనే ఖాసిం భాయ్ ఉంటున్న గది. అమ్మను చూసి ఎదురు పరుగెత్తుకొచ్చాడు. పిల్లలు బుట్ట చుట్టూ చేరారు. కుట్లు తెంపి పట్టా లాగగానే ఆకుపచ్చని దుమ్ము గుప్పున లేచింది. పిల్లలు దగ్గుతూ వెనక్కి జరిగారు. బాయినెట్ దిగిన ప్రతి పండుకూ తెల్లటి అంచు, నడుమ పచ్చటి బూజు. వేలు పెడితే లోపలికి దిగిపోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వదిన, ఖాసిం భాయ్ భార్య, ముందుకొచ్చింది. బుట్టను వాకిట్లోకి తీసుకుపోయి, గట్టిగా ఉన్న నాలుగైదు ఏరి కడిగి, కోసి, ముందు మాకే తెచ్చింది. "తినుండ్రి. దూరం నుంచి వచ్చిండ్రు."

ఖాసిం భాయ్ ఒక కుళ్లిన పండు తిప్పి చూశాడు. "కర్రతో రాల్చినవా తమ్మీ? కింది కొమ్మలకు లేకుండెనా?"

"లేవన్నా."

ఆయనకు అర్థమైంది. ఎవరు కోశారని అడగలేదు. "చెట్లన్న ఉన్నయా?"

"ఉన్నయి. నీళ్లు నేను పెడుతున్న."

కుళ్లిన పండు కింద పెట్టి, "మేం వస్తే ఉండనిస్తరా?" అన్నాడు.

రమ్మంటే, రేపు ఆ పిల్లలకు ఏమైనా అయితే? రావద్దనడానికి నోరెట్లా వస్తుంది? నేల చూస్తూ కూర్చున్నాను.

"మా ఇంట్ల ఉండుండ్రి బిడ్డా. నేను లేనా?" అంది అమ్మ.

"ఉన్నవమ్మా" అని నవ్వాడు. "నువ్వొక్కదానివే ఉన్నవు."

సాయంత్రం బండికి ఆయనే మమ్మల్ని ఎక్కించాడు. మర్నాడు భువనగిరి నుంచి వచ్చే బస్సులో పక్కసీటావిడ, "ఆలేరుల ఎవరున్నరవ్వా?" అని అడిగింది.

"మా పెద్దకొడుకు" అంది అమ్మ.

"ఊరికి రాడా మరి? ఏ ఊరు మీది?"

అమ్మ నావైపు చూసింది. కట్టంగూరు దగ్గర అని మాత్రం అన్నాను. తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగాను గానీ, నా ఊరి పేరు చెప్పుకోలేకపోయింది ఆ ఒక్క ప్రయాణంలోనే.