రాతిగుర్రం మీద వెండిరంగు

టీచరమ్మ పోయింది. ఫోనులో మా ఆదివారం నడక గ్రూపులో ఆమె ఫొటో పడితే, ఈ వారం ఎక్కడికి రమ్మంటుందో అనుకున్నాను. నేను అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, టైం పడుతుంది. వెనక నిలబడ్డ కోడలే ముందు చదివింది. "మామా, టీచరమ్మ లేదంట" అంది. నిద్రలోనే పోయిందట.

చదువుకున్నవాళ్లు ఆమె గురించి నాకంటే బాగా రాస్తారు. రాయనీ. ఆమె చూపించిన రాతిగుర్రం మా గోడ పక్కన ఉంది కాబట్టి నేనూ చెప్పి కోడలితో రాయిస్తున్నాను.

ఆమె ఇల్లు ఉప్పల్‌లో. బడిలో చరిత్ర చెప్పి రిటైరయింది. కోస్తా మనిషి. ఆదివారం పొద్దున పదిమందిని వెంటేసుకుని, పాత బావులు, పాత గోడలు చూపిస్తూ నాచారం దాకా నడిచేది. మొదటిసారి మా గల్లీలోకి వచ్చినప్పుడు నేను అడ్డం నిలబడ్డాను.

"ఏందమ్మా, ప్లాటు సూడనీకి వచ్చిన్రా? ఈడ అమ్మేది ఏం లేదు."

"కొనడానికి రాలేదు అన్నయ్యా. మీ గోడ పక్కనున్న వీరుణ్ణి పలకరించి వెళ్తాం."

ఆ రాయిని మేం పోచమ్మ అనుకునేవాళ్లం. ఏళ్లుగా పసుపు పూసి పూసి ముద్దయిపోయింది. ఆమె తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే గుర్రం బయటపడింది, దాని మీద కత్తి ఎత్తిన మనిషి. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపోయి చచ్చినవాళ్లకు అప్పట్లో ఇట్లాంటి రాళ్లు నిలబెట్టేవారట.

"మరి మా పోచమ్మ ఎటువాయె?" అని మా ఆడవాళ్లు గొడవకు దిగారు.

"ఎటూ పోలేదమ్మా. ఆవిడా ఉంటుంది, ఈయనా ఉంటాడు. పసుపు పెట్టుకోండి, కడిగితే పోతుంది. పెయింటు మాత్రం వెయ్యకండి."

తరవాత అందరినీ కళ్లు మూసుకుని గుర్రం మెడ మీద అరచెయ్యి పెట్టమనేది. జూలు గీతలు గీతలుగా చేతికి తగిలేవి. అక్కడ చదవాల్సింది ఏమీ లేదు. అది నాకు నచ్చింది. ఆ తరవాత నేను ఒక్క ఆదివారం మానలేదు.

ఒకసారి మా గల్లీవాళ్లను బస్సెక్కించి మ్యూజియానికి తీసుకుపోయింది. అక్కడా ఇట్లాంటి రాయే ఉంది. ముట్టుకోబోతే కాపలా ఆయన అరిచాడు.

"గిదేం జైలు, టీచరమ్మా?"

"జైలే అన్నయ్యా. కానీ ఇక్కడ ఎవరూ రంగులు పుయ్యరు. మీ రాయి కూడా వీళ్లకి ఇచ్చేద్దామా?"

"ఇయ్యం. మాది మా కాడనే ఉంటది."

"అయితే కనిపెట్టుకుని ఉండండి" అని, తిరిగి వచ్చేదాకా బస్సు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

అప్పటినుంచి మా గల్లీకి వచ్చిన ప్రతిసారీ ముందు వంగి రాయిని వాసన చూసేది, ఎవరన్నా పెయింటు వేశారేమోనని. మేం పడీపడీ నవ్వేవాళ్లం. ఆమె కూడా నవ్వేది.

మొన్న ఆమె పెద్దకర్మకు ఉప్పల్ పోయాను. సాయంత్రం తిరిగొచ్చి మలుపు తిరగగానే వాసన కొట్టింది.

గుర్రానికి వెండిరంగు. వీరుడికి నల్లటి కనుగుడ్లు, ఎర్రటి పెదవులు. గుర్రం కాళ్ల దాకా సిమెంటు, బాత్రూం టైల్స్. పైన బోర్డు మీద టీచరమ్మ పేరు. గల్లీ అంతా అక్కడే ఉంది.

"టీచరమ్మ యాదికి జేసినం పెద్దయ్యా. మంచిగున్నదా?" అంది ఎదురింటామె. ఆమె కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. ఎవరిని తిట్టను?

పెయింటర్‌ను పక్కకు పిలిచి, "ఇది తీస్తే పోతదా?" అని అడిగాను.

"ఎందుకు దీస్తవ్ మామా? గోడలకు వెట్టే లప్పమే గుంతలల్ల నింపి, రెండుసార్లు రంగు గొట్టిన. మస్తు సాఫ్ వచ్చింది. ఇగ గీకినవనుకో, రాయి గూడ ఊడొస్తది."

మర్నాడు ఆదివారం. నడకకు ఎవరూ రాలేదు. పిలిచేవాళ్లు లేరు, ఇక రారు. వచ్చినా చూపించడానికి ఏముంది? పొద్దున్నే వాన తుంపర పడుతుంటే నేనొక్కణ్ణే నిలబడి, కళ్లు మూసుకుని, గుర్రం మెడ మీద అరచెయ్యి పెట్టాను. నున్నగా ఉంది. ఎంత వెతికినా జూలు తగల్లేదు.

చెయ్యి తీస్తే అరచేతినిండా వెండిరంగు. కిరసనాయిలుతో కడుక్కోమంది కోడలు. ఇంకా కడగలేదు.