తువ్వాలు తీసిన బేరం

నా చిన్నప్పుడు ఎద్దుల బేరం నోటితో జరిగేది కాదు, చేతులతో జరిగేది. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడి చేతులు కలిపితే, దళారి ఆ చేతుల మీద తన తువ్వాలు కప్పేవాడు. ఆ చాటున కొనేవాడు ఎదుటి మనిషి వేళ్ళు కొన్ని పట్టుకుని 'ఇవి నూర్లు' అనేవాడు, మళ్ళీ కొన్ని పట్టుకుని 'ఇవి పదులు' అనేవాడు. ఎన్ని వేళ్ళు పట్టాడో ఆ ఇద్దరికే తెలుసు. చుట్టూ ఉన్నవాళ్ళకు తువ్వాలు కదలడం తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. కుదిరితే చెయ్యి గట్టిగా ఊపేవారు, కుదరకపోతే వదిలేసి ఎవరి దారిన వారు పోయేవారు.

మా తాతయ్య అలాంటి దళారి. బెంగళూరు పాతపేటలో మాది మూడు తరాల కాపురం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. ఆయన బేరాల తువ్వాలును మా నానమ్మ విడిగా ఉతికి విడిగా ఆరేసేది. పొరపాటున దాంతో ఎవరైనా ముఖం తుడుచుకుంటే వాళ్ళకు ఆ పూట అక్షింతలే. నోటితో చెప్పేస్తే పోయేదానికి ఈ దాపరికం ఎందుకని నేనొకసారి తాతయ్యను అడిగాను. కష్టంలో ఉన్నవాడు తక్కువకు అమ్ముకున్నా నలుగురిలో చులకన కాకూడదు కదా, అందుకని చెప్పాడు. ఒకడు అడిగిన ధర రెండోవాడికి తెలిస్తే వాడు అక్కడి నుంచే మొదలు పెడతాడని కూడా చెప్పాడు. అంటే ఆ తువ్వాలు పుట్టిందే పేదవాడి మర్యాద కోసమని నాకు అర్థమైంది. చాలా గొప్ప విషయం తెలుసుకున్నానని కొన్నాళ్ళు బడిలో అందరికీ చెప్పాను.

మా పక్కింటి అక్క భర్త ఎద్దులబండి తోలేవాడు. మార్కెట్టు నుంచి అంగళ్ళకు మూటలు చేరవేయడం ఆయన పని. ఒక ఏడు వానాకాలంలో జ్వరం వచ్చి పోయాడు. అక్కకు మిగిలింది చంకలో ఒక పాప, వాకిట్లో రెండు ఎద్దులు. ఆ ఎద్దులు మంచి జోడి. కానీ తోలేవాడు లేని జోడి ఎంత మంచిదైతే ఏం, కూర్చుని మేస్తుంది. అక్క రోజూ గడ్డి కొని వేసేది. వాటికి వేసిన తర్వాతే తను తినేది, ఒక్కోసారి తినేది కాదు కూడా. మా నానమ్మ గోడ మీదుగా గిన్నె అందిస్తే, ఎక్కువైందని తెచ్చాను పెద్దమ్మా అంటూ మరునాడు ఆ గిన్నెలో ఏదో ఒకటి పెట్టి తిరిగి ఇచ్చేది. అంత పట్టుదల మనిషి.

అక్క పుట్టిల్లు దొడ్డబళ్ళాపురంలో. వాళ్ళది నేతపని ఇల్లు. పెళ్ళికి ముందు పట్టుచీరలు నేసిన చెయ్యి ఆమెది. అక్కడ వాళ్ళ వీధిలో ఒకతను ఊరు వదిలి పోతూ మగ్గం అమ్ముతున్నాడని కబురు వచ్చింది. ధర నాలుగు వందలు. పశువుల సంత రోజు సాయంత్రం దాకా ఆగుతాను, ఆ తర్వాత వేరేవాళ్ళకు ఇచ్చేస్తానన్నాడట. మగ్గం వస్తే పాపను పక్కన పడుకోబెట్టుకుని ఎవరి గడపా ఎక్కకుండా బతుకుతానని అక్క అంది. అయితే ఒట్టి మగ్గం ఉంటే చాలదు, దాని మీదికి ఎక్కించడానికి పట్టుదారం కొనాలి. దానికి ఇంకో నూటయాభై అయినా కావాలి. ఆ దారం లేకపోతే మగ్గం ఉత్త కట్టె.

సంత ఆ ఊరి దగ్గరే కాబట్టి, ఆ ఎద్దులనే బండికి కట్టుకుని అక్కా, పాపా, తాతయ్యా, ఏడ్చి ఒప్పించుకున్న నేనూ బయలుదేరాం. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. దారి పొడుగునా అక్క ఎద్దులతో మాట్లాడుతూనే ఉంది.

అక్కడికి వెళ్ళాక చిక్కు వచ్చింది. బేరానికి చెయ్యి పెట్టడానికి వస్తానన్న అక్క తమ్ముడు రాలేదు. ముక్కూ మొహం తెలియని మగవాడి చేతిలో ఆడమనిషి చెయ్యి పెట్టి బేరం చేయడం ఆ రోజుల్లో లేదు. తాతయ్య పెడదామంటే ఆయన దళారి. దళారి ఇద్దరికీ మధ్య మనిషి, ఎవరి తరఫునా చెయ్యి పెట్టకూడదు. కాసేపు ఆలోచించి అక్క నా వైపు చూసింది. లెక్కల్లో నన్ను మించినవాళ్ళు లేరని మా వీధిలో ఒక పుకారు ఉండేది. దాన్ని పుట్టించింది నేనే. ఆడపిల్లనే అయినా తొమ్మిదేళ్ళదాన్ని కాబట్టి ఎవరూ తప్పుపట్టలేదు, అలా అక్క తరఫు చెయ్యిగా నన్ను నిలబెట్టారు.

తాతయ్య నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "ఐదున్నర నూర్లకి తక్కువ అడిగితే తల అడ్డంగా ఊపు. ఏమన్నా కానీ, నాలుగు నూర్లకి కిందికి దిగేది లేదు. మగ్గానికే అంత కావాల."

మొదట వచ్చిన ఇద్దరు ఎద్దుల పళ్ళు చూశారు, సుళ్ళు చూశారు, నడిపించి చూశారు. వాళ్ళ చేతులు గరుకుగా ఉన్నాయి. మూడున్నర దాటి రాలేదు. నేను తల అడ్డంగా ఊపుతుంటే పెద్ద ఆరిందాలా కనిపించి ఉంటాను, ఒకతను నవ్వాడు కూడా. మధ్యాహ్నం దాటాక ఒక ఆసామి వచ్చాడు. పక్క ఊళ్ళో మంచి భూములున్నవాడట, చాలామంది ఆయనకు నమస్కారం పెడుతున్నారు. నాకు బొరుగులు కొనిపెట్టాడు. తువ్వాలు కింద నా చెయ్యి పట్టుకుని, ఐదు వేళ్ళూ కలిపి నొక్కి, నూర్లు అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయనకు కోపం రాలేదు. వంగి, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు.

"మీ అక్కకి ఎంతొస్తే గడుస్తాదమ్మా? చెప్పు, చూస్తాం."

ఆ గొంతులో ఎంత జాలి ఉందో ఇప్పటికీ గుర్తు. కష్టం చెబితే ఈయన పెద్దమనసు చేసుకుని ఇంకో నూరు కలుపుతాడని నేను లెక్క వేశాను. మగ్గం సంగతి చెప్పాను, సాయంత్రం లోపల డబ్బు కట్టాలన్నదీ చెప్పాను. చెప్పి, మగ్గం ధర ఇంత అన్నట్టు ఆయన వేళ్ళు నాలుగు పట్టుకుని నొక్కాను.

ఆయన నా బొటనవేలు వదిలేసి మిగిలిన నాలుగు వేళ్ళూ పట్టుకున్నాడు. ఐదు కాస్తా నాలుగైంది. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు తల ఊపినా ఆ పట్టు మారలేదు. వదిలేసిన బొటనవేలు ఒక్కటే చల్లగా అనిపించింది. నేనేం చేశానో నాకు ఆ క్షణాన తెలిసిపోయింది.

పరుగెత్తుకెళ్ళి అక్కతో నాలుగు అని చెప్పాను, ఎందుకైందో చెప్పలేదు. అక్క ఎండ వైపు చూసింది. పొద్దు వాలుతోంది, కొనేవాళ్ళు ఒక్కొక్కరే ఇంటిదారి పడుతున్నారు. ఆమె పాపను భుజం మార్చుకుని, "ఇచ్చేద్దాం పెద్దనాయనా. మగ్గమన్నా దక్కుతాది. దారం సంగతి దేవుడు చూసుకుంటాడు" అంది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. తాతయ్య కాళ్ళు పట్టుకుని జరిగిందంతా చెప్పేశాను.

ఆయన నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు, కనీసం కసరలేదు. బండి చక్రానికి ఆనుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి ఆసామి దగ్గరికి వెళ్ళాడు. అలవాటు ప్రకారం చేతులు కలపడానికి ఆసామి ముందుకు వచ్చాడు. తాతయ్య తువ్వాలు కప్పలేదు. దాన్ని మడతపెట్టి భుజం మీద వేసుకున్నాడు.

"నోటితో చెప్పప్పా," అన్నాడు. "ఈ జోడికి నువ్వు ఎంతిస్తావో, అందరూ వినేటట్ల చెప్పు."

చుట్టూ ఉన్నవాళ్ళు ఆగిపోయారు. తోటి దళారులు ఇద్దరు దగ్గరికి వచ్చారు. ఆసామి ముఖం ఎర్రబడింది. "ఇదేం పద్ధతి? తువ్వాలు లేకుండా ధర చెప్పేది యాడన్నా ఉండాదా?"

"లేదు," అన్నాడు తాతయ్య. "తప్పే. నేను ధర చెప్పను, ఇంత ఇవ్వమని అడగను. మా మనవరాలి చేతిలో నువ్వు పెట్టిన అంకె ఏముండాదో, అదే గట్టిగా చెప్పు. ఎద్దులామె ఒప్పుకుంటాది, తోలుకొని పో."

ఆసామి ఎద్దుల వైపు చూశాడు. చుట్టూ నిలబడ్డ రైతుల వైపు చూశాడు. వాళ్ళంతా పొద్దున్నుంచి ఆ జోడిని చూసి ముచ్చటపడ్డవాళ్ళే. పాపను ఎత్తుకున్న అక్క వైపు మాత్రం చూడలేకపోయాడు. నాలుగు అనేది చిన్న మాట. ఆయన నోరు తెరిచాడు గాని ఆ మాట రాలేదు. చాలాసేపటికి, ఎవరి మీదో విసుక్కుంటున్నట్టు, "ఐదు నూర్ల ఎనభై" అన్నాడు. వెనక నుంచి ఒక ముసలి రైతు "అదీ ధర" అని మెల్లగా అన్నాడు.

మగ్గం వచ్చింది, దారమూ వచ్చింది. ఎద్దుల్ని తోలుకుపోతుంటే అక్క వాటి వెంట కొంత దూరం నడిచి తిరిగి వచ్చి, అప్పుడు ఏడ్చింది.

తాతయ్యకు మాత్రం ఆ బేరం కలిసిరాలేదు. ఆ రోజు ఆయన ఇద్దరి దగ్గరా దళారీ సొమ్ము తీసుకోలేదు. మరుసటి ఏడు ఆయన తువ్వాలు కింద చేతులు పెట్టడానికి చాలామంది ఇష్టపడలేదు. ఎప్పుడు తీసేస్తాడో అని వాళ్ళ భయం. దళారుల పెద్దలు పిలిచి మందలించారు. ఆయన కాదనలేదు, తప్పు ఒప్పుకుని దండుగ కట్టి వచ్చాడు. మళ్ళీ అలాంటి రోజు వస్తే ఏం చేస్తావని మా నానమ్మ అడిగితే, మళ్ళీ దండుగ కడతానన్నాడు.

ఆ సాయంత్రం అడిగి తెచ్చిన ఎద్దులతో అక్కనూ బండినీ వాళ్ళ పుట్టింట్లో చేర్చి బస్సులో తిరిగి వస్తున్నప్పుడు, నేను నిజం చెప్పడం తప్పా అని తాతయ్యను అడిగాను. మధ్యాహ్నం నుంచి నన్ను తినేస్తున్నది అదే.

"నువ్వు అబద్ధం చెప్పలేదు, అది మంచిదే," అన్నాడు. "తప్పు నాది. చెప్పకూడని అంకె నీకు చెప్పి పంపినాను. ఇంకొకటి చూడు. ఆ మనిషి వచ్చింది ఎద్దులకి ధర కట్టేదానికి. నువ్వు చెప్పినాక ఎద్దుల్ని ఇడిసిపెట్టి ఆమె అవసరానికి ధర కట్టినాడు. ఎద్దుల ధర ఎద్దుల్లో ఉంటాది. మనిషి అవసరానికి ధర యాడుంటాది?"

ఇప్పుడు నాకు డెబ్భై దగ్గరికి వస్తున్నాయి. పెళ్ళయ్యాక మా ఆయనా నేనూ బెంగళూరులోనే పీణ్య పారిశ్రామికవాడలో ఇనుప విడిభాగాలు చేసే చిన్న మిషన్ షాపు పెట్టాం. ముప్పై ఏళ్ళ పైన కొటేషన్లు రాసింది నేనే. పెద్ద ఫ్యాక్టరీల వాళ్ళు పనికి ఎంతవుతుందని అడగరు. 'మేడమ్, మీకు ఎంతైతే వర్కౌట్ అవుతుంది' అని ఎంతో ఆప్యాయంగా అడుగుతారు. ఆ ఆప్యాయత నాకు బాగా తెలిసిందే. మా జీతాలూ మా అప్పూ వాళ్ళకు చెప్పకుండా, ఇనుముకు ఇంత, పనికి ఇంత అని మాత్రమే చెప్పడం నేర్చుకున్నాను. కొన్ని ఆర్డర్లు పోయాయి. పోనీ అనుకున్నాను.

అయితే నేను ఎప్పుడూ చెయ్యి ఇచ్చేవైపే లేను, పట్టుకునేవైపు కూడా ఉన్నాను. ఒకసారి మా వరుసలోని ఒక షాపు మూతబడుతుంటే దాని యజమాని తన లేత్ మిషన్ అమ్మకానికి పెట్టాడు. కూతురి ఆపరేషన్ అని నాకు తెలుసు. తెలిసీ సగం ధరకు అడిగాను, కాగితం మీద రాసి కవరులో పెట్టి పంపాను. ఆయన ఇచ్చేశాడు. ఆ మిషన్ చాలా ఏళ్ళు చక్కగా నడిచింది. మా ఆయన దాన్ని మెచ్చుకున్నప్పుడల్లా నేను లేచి టీ పెట్టడానికి వెళ్ళేదాన్ని. ఆ రోజు బస్సులో విన్న మాట నాకు గుర్తు లేక కాదు. గుర్తుండీ చేశాను, అందుకే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మొన్న మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చింది. ఆఫీసులో ఉద్యోగం పోయి వారంలో ఊరు వదులుతున్న ఒక జంట ఇంటి సామానంతా అమ్ముతున్నారట. "అమ్మమ్మా, వాళ్ళు అర్జెంట్‌లో ఉన్నారు, ఫ్రిజ్జుకి ఎంత ఆఫర్ పెట్టమంటావు? సగంకన్నా తక్కువ పెట్టినా ఇచ్చేస్తారు" అంది. ఆమె చెప్పింది నిజమే, ఇచ్చేస్తారు. పెట్టు, కానీ ముందు వాళ్ళకు ఫోన్ చేసి ఆ అంకె నీ నోటితో చెప్పు, ఆ తర్వాత పెట్టు అన్నాను. చాట్‌లో రాస్తే పోయేదానికి ఫోనెందుకని విసుక్కుంటూ గదిలోకి వెళ్ళింది. ఎంత చెప్పిందో నేను అడగలేదు, అది తనకూ వాళ్ళకూ మధ్య విషయం.

నా మట్టుకు నేను, కూరగాయల బండి దగ్గర కానీ, ఇంటి అద్దె దగ్గర కానీ, ధర అడిగే ముందు ఆ అంకెను ఎవరూ లేనప్పుడు ఒకసారి పైకి అని చూసుకుంటాను. చాలాసార్లు తేలిగ్గానే వస్తుంది. ఒక్కోసారి మాత్రం నోరు తెరుస్తాను గాని మాట రాదు. అప్పుడు అంకె మార్చుకుంటాను.