లోకనాథానికి చేరని కబురు

2009. టీవీ పెడితే స్వైన్ ఫ్లూ, పేపరు తెరిస్తే స్వైన్ ఫ్లూ. అప్పుడు నేను టెక్కలిలో ఒక ఆరోగ్య కార్యాలయంలో హెల్త్ ఎడ్యుకేటర్‌ని. జబ్బుల గురించి జనానికి చెప్పడం నా ఉద్యోగం. ఆ ఏడు మాత్రం డాక్టర్లకు చెప్పే పని నా నెత్తిన పడింది. ఏ రోగికి ఏం చెయ్యాలో చెప్పే గైడ్‌లైన్స్ పైనుంచి ఫ్యాక్స్‌లో వచ్చేవి. ఒకటి చదివేలోగా దాన్ని మారుస్తూ ఇంకొకటి వచ్చేది. వాటిని జీపులో తీసుకెళ్లి, కవిటి వైపున్న ప్రభుత్వ డాక్టర్లందరికీ అందజేసి, వాళ్ల సందేహాలు పైవాళ్లను అడిగి చెప్పాలి.

అందులో ఒకటి, కవిటి చుట్టుపక్కల ఊరూరా కిడ్నీ రోగులున్న మా ఉద్దానం కోసమే రాసినట్టుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు హై రిస్క్, అంటే ఫ్లూ సోకితే ప్రాణం మీదికి వచ్చేవాళ్లు. వాళ్లకు జ్వరం, దగ్గు కనిపిస్తే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, కిడ్నీ స్థితిని బట్టి మోతాదు తగ్గించి ఫ్లూ మాత్ర వెంటనే మొదలుపెట్టాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ మాత్ర పని తగ్గిపోతుంది.

అది పట్టుకుని మా ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. "సార్, కవిటి వైపు జ్వరమొస్తే జనం ముందు ఆర్.ఎం.పి. దగ్గరికే పోతారు. వాళ్లకీ ఒక మాట చెబుదాం" అన్నాను. ఆర్.ఎం.పి. అంటే డిగ్రీ లేకుండా ఊళ్లో వైద్యం చేసే మనిషి. ఊరికి ఆయనే డాక్టరు. మా రికార్డుల్లో ఆయన లేనే లేడు.

"వాళ్లని మీటింగుకి పిలిస్తే, వాళ్లూ డాక్టర్లేనని మనమే ఒప్పుకున్నట్టు కదయ్యా. రేపు పైనుంచి అడిగితే జవాబు నువ్వు చెబుతావా?" అన్నాడాయన.

మీటింగు వద్దు, దారిలో ఆగి నోటిమాటగా చెబుతానన్నాను. చెబితే మెమో ఇస్తానన్నాడు. అంతటితో ఊరుకోలేదు, మర్నాడే కవిటి వైపు పని నా నుంచి తీసేసి పలాస వైపు తోలాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

కవిటికి అవతల ఒక ఊళ్లో జోగారావు అని కొబ్బరి రైతు. కిడ్నీ ఎంత దెబ్బతిందో చెప్పే క్రియాటినిన్ అతనికి అప్పటికే ఎక్కువ. ఉద్దానంలో ఆ మాట బడి మొహం చూడని ముసలమ్మలకు కూడా తెలుసు. అతనికి జ్వరమొస్తే ఆ ఊరి ఆర్.ఎం.పి. లోకనాథం చూశాడు. సూది వెయ్యలేదు, మాత్ర ఇవ్వలేదు. తడిగుడ్డ వెయ్యమని, జ్వరం దానంతటదే దిగేదాకా ఓపిక పట్టమని చెప్పాడు.

అతనికి అలా నేర్పింది మేమే. కిడ్నీ మనిషికి తోచిన మాత్రలు ఇవ్వొద్దు, నొప్పి సూదులు పొడవొద్దు అని క్యాంపులు పెట్టి ఊరూరా మైకులో చెప్పాం. అందులో తప్పేమీ లేదు. ఎంతోమంది ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశారు. లోకనాథం మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు. ఈ జ్వరానికి ఆగకూడదన్న కొత్త మాట ఒక్కటే అతనికి చేరలేదు.

ఊపిరి అందని స్థితిలో జోగారావును పెద్దాసుపత్రికి తెచ్చారు. పరీక్షలో స్వైన్ ఫ్లూ అని తేలడంతో కేసు వివరాలు రాసుకోవడానికి నన్ను పంపారు. అతని భార్య నీలవేణి వరండాలో కూర్చుని ఉంది. క్యాంపులో చూసిన గుర్తుతో నన్ను పలకరించింది.

"లోకనాథం బాబు సేనా జాగర్తగా సూసినాడు బాబూ. కిడ్నీ మనిసికి మాత్రలు కూడదని మీరే సెప్పినారు గదా. ఒక్క మాత్ర మింగనివ్వనేదు" అంది.

ఆమె నిందించడం లేదు. మా మాట విన్నామని చెబుతోంది, అంతే. ఆ సాయంత్రమే జోగారావు పోయాడు.

ఆఫీసుకు కారణం కావాలి. ఆర్.ఎం.పి. నిర్లక్ష్యం వల్ల ఆలస్యం అని రాసేశారు. లోకనాథం వైద్యం చేసే గదికి తాళం వెయ్యడానికి బయల్దేరిన జీపులో నన్నూ ఎక్కించుకున్నారు. అప్పుడు మాత్రం నేను కవిటి వైపు వెళ్లడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

లోకనాథం గొడవ పడలేదు. చెప్పులు తీసి పక్కన నిలబడి, డాక్టర్లకు మాత్రమే పంపిన ఆ కొత్త మాటను ఆఫీసరు చదివి వినిపించాక, ఆయన్ను ఒక్కటే అడిగాడు.

"కబురు సెప్పాల్సినప్పుడు నాను డాక్టర్ని కానన్నారు. సంపేసినానని రాసేటప్పుడు డాక్టర్నైపోనానా సార్?"

ఆ ప్రశ్న నేనే నేర్పినట్టు ఆఫీసరు నా వైపు గుడ్లురిమి చూసి, తాళం వెయ్యమన్నాడు.

రోగి ముందుగా ఎవరి గడప తొక్కుతాడో కబురు అక్కడికే ముందు చేరాలి. అది నాకు జోగారావు చావు నేర్పింది, ఏ గైడ్‌లైన్‌లోనూ రాయలేదు. అందుకే కరోనా వచ్చినప్పుడు ఎవరి అనుమతీ అడగకుండా, నాకు తెలిసిన ఆర్.ఎం.పి.లందరికీ ఫోన్లు చేశాను. లోకనాథానికీ చేశాను. జ్వరం వచ్చినవాళ్లను ఎప్పుడు, ఎక్కడికి పంపాలో నేను చెబుతుంటే చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"నానిప్పుడు వైద్యం సెయ్యడం నేదు సార్" అన్నాడు. "జొరమొచ్చినోలు సూసేవోలు నేక ఇంటికాడే ఉండిపోతన్నారు."