అత్తయ్యతో ఫీల్డ్‌వర్క్‌కి

ఎనిమిది నెలల పాపతో పీజీ కుదరదని, చివరి సెమిస్టర్ మానేస్తానని అత్తయ్యతో చెప్పాను. మర్నాడు ఆవిడ ఫీల్డ్‌వర్క్ కోసం నా సంచిలో నా బట్టలతో పాటు తనవి కూడా సర్దారు. "నాలుగు దినాలే గదా. పాపను నేను చూసుకుంటా, నీ పని నువ్వు చూసుకో" అన్నారు. అలా సంగం నుంచి ముగ్గురం బయలుదేరాం.

ఏడు గంటల బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు ఛార్జీ లేదు కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే సరిపోయింది. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండులో దిగి, ఆటోలో పెద్ద బస్టాండుకు వెళ్ళి, ఇడ్లీ తిని కృష్ణపట్నం బస్సు పట్టుకున్నాం. ముత్తుకూరు దాటాక లారీల వెనక బస్సు నెమ్మదించింది. పక్క సీటావిడ పోర్టు క్యాంటీన్‌లో వంట చేస్తుందట. "ఏం చదువుతుండావు మ్మా?" అని అడిగింది. సోషల్ ఇన్నోవేషన్, ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అన్నాను. ఆమె అయోమయంగా అత్తయ్య వైపు చూసింది.

"ఊరికి పనికొచ్చే యాపారం ఎట్టా పెట్టాల్నో నేర్పిస్తారంట" అన్నారు అత్తయ్య, తానే ఆ క్లాసులో కూర్చుని వచ్చినట్టు.

కృష్ణపట్నంలో దిగి, షేర్ ఆటోలో సముద్రం ఒడ్డునున్న జాలర్ల పాలెం చేరేసరికి మధ్యాహ్నమైంది. మా బస పోలమ్మగారింట్లో. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ చేపల గంప ఎత్తడం మానేశారు. వేడన్నంలో చేపల పులుసు పోసి, మేం తినేదాకా పాపను ఆడించారు.

చేపలమ్మే ఆడవాళ్ళంతా కలిసి వాడుకునే ఐసు పెట్టెలు నా ప్రాజెక్టు. మర్నాడు తెల్లవారి పడవలు రాగానే ఒడ్డుకు వెళ్ళాను. నిలబడి మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. బుజ్జమ్మ అనే అమ్మాయి చంకలో కొడుకుతోనే చేపలు ఏరుతోంది. వాడి ఏడుపులో నా ప్రశ్న నాకే వినపడలేదు. వెనకే పాపతో వచ్చిన అత్తయ్య, "ఇట్టియ్యి మ్మా, కాసేపు" అంటూ వాణ్ణి కూడా ఎత్తుకుని పోలమ్మగారి వలల పాకలోకి వెళ్ళారు.

మరుసటి రోజు ఆ పాకలో పిల్లలు ఎక్కువయ్యారు. పోలమ్మగారు ఒకరికి గంజి తాగిస్తుంటే అత్తయ్య ఇంకొకరిని కాళ్ళ మీద ఊపుతున్నారు. మా పాప ఎవరిదో గవ్వ లాక్కుంటోంది. బుజ్జమ్మ ముత్తుకూరు దాకా వెళ్ళి, చేపలన్నీ అమ్మేసి ఖాళీ గంపతో తిరిగొచ్చింది.

"వీడు పుట్టినాక అమ్మకానికి పోవడం ఇదే మొదలు అక్కా. ఇన్నాళ్ళూ ఒడ్డున యాపారి అడిగిన రేటుకి ఇచ్చేసినా. ఐసు పెట్టెల సంగతి తర్వాత చూద్దాంలే. పిలకాయల్ని చూసే మనిషుంటే మాకు చాలు" అంది.

"నేను చూస్తా. కూర్చోడానికి మోకాళ్ళు అడ్డం రావు గదా" అన్నారు పోలమ్మగారు.

ఆ సాయంత్రం మా గైడుగారికి ఫోన్ చేసి, టాపిక్ మార్చి ఐసు పెట్టెలకు బదులు పిల్లల్ని చూసే చోటు మీద రాస్తానన్నాను. మానేసే మాట ఎత్తలేదు. "ఇంత ఆలస్యంగానా?" అంటూనే ఆయన, "సరే, రాయమ్మా" అన్నారు. చివరి రోజు పొద్దున అందరం పాకలో కూర్చున్నాం. అమ్మకానికి వెళ్ళిన రోజు తలా ఇంత పోలమ్మగారికి ఇచ్చేట్టు, సోమవారం నుంచి మొదలుపెట్టేట్టు వాళ్ళే మాట్లాడుకున్నారు. నేను విన్నాను.

ఆ వైపు వెళ్ళేవాళ్ళు తిరుగు బస్సు వేళ ముందే అడిగి పెట్టుకోవాలి. మేం రోడ్డు మీద చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. బస్సులో పాప నిద్రపోయింది. నెల్లూరు దాటాక రెండు వైపులా నాట్లు మొదలయ్యాయి. వంగిన ఆడవాళ్ళను చూస్తూ అత్తయ్య మెల్లగా అన్నారు.

"మీ ఆయన్ని ఇట్టాంటి పొలం గెనం మీద పడుకోబెట్టి నాట్లేసేదాన్ని. ఏడిస్తే వినపడేది. వరస వదిలి రాలేకపోయేదాన్ని. అప్పుడు ఎవురన్నా ఒకరు ఆడ కూర్చోనుంటే బాగుండు మ్మా."

సంగం వచ్చేదాకా ఆవిడ చెయ్యి పాప వీపు మీదే ఉంది. ఈ చదువు ఎందుకని నన్ను ఎవరడిగినా ఇకమీదట చెప్పగలననిపించింది.